వృషణ క్యాన్సర్: వీర్యం దాచాల్సింది ఆపరేషన్‌కి ముందా, కీమోకి ముందా?

కరపత్రం:

వృషణ క్యాన్సర్ అని తేలిన కుర్రాళ్ల చేతికి ఇవ్వడానికి రెండు పేజీల కరపత్రం రాస్తున్నాను. జబ్బు, ఆపరేషన్, కీమో వరకు ఇబ్బంది లేదు. పిల్లల విషయం దగ్గరే కలం ఆగిపోయింది. చదివినవాటిలో సగం "కీమోకి ముందు వీర్యం దాచుకోవాలి" అంటాయి, మిగతా సగం "వృషణం తీయకముందే" అంటాయి. రెండింటికీ మధ్య ఉన్నది రెండు మూడు వారాలే కదా, అంత పట్టింపు ఎందుకు?

ఇంకొన్ని సందేహాలు. ఎన్ని శాంపిళ్లు ఇవ్వాలి, మధ్యలో ఎన్ని రోజుల ఎడం ఉండాలి? పరీక్షలో వీర్యకణాలే లేవని వస్తే దారి మూసుకుపోయినట్టేనా? కీమో అయ్యాక ఎన్నాళ్లు ఆగాలి? ఒక్క సైకిల్ కీమో చాలంటున్నారు, మైక్రో ఆర్‌ఎన్‌ఏ రక్తపరీక్ష అంటున్నారు. వాటివల్ల ఈ సలహాలో ఏమైనా మారిందా? ధైర్యం చెప్పే మాటలు కాదండీ, అంకెలు, కారణాలు కావాలి.

గజ్జకోత:

ఆపరేషన్‌కి ముందే. మీ కరపత్రంలో మొదటి వాక్యం ఇదే కావాలి.

కారణం ఏమిటంటే, ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి రెండో వృషణం కూడా అంత గట్టిది కాదు. చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగకపోవడం, పుట్టుకతోనే కణాల తయారీ సరిగ్గా లేకపోవడం వంటివి క్యాన్సర్‌కీ, సంతాన సమస్యకీ రెండింటికీ మూలం. అందుకే కత్తి పడకముందే సుమారు సగం మందిలో కౌంట్ తక్కువగా ఉంటుంది. పదిమందిలో ఒకరికి అసలు కణాలే ఉండవు. ఉన్న కొద్ది కణాలు గడ్డ ఉన్న వైపు నుంచే వస్తుంటే, ఆ వృషణం తీసిన మర్నాటి నుంచి చేతిలో ఏమీ మిగలదు. ఆపరేషన్‌కి ముందు కణాలు కనిపించి, తర్వాత సున్నా అయ్యేవాళ్లు కూడా పదింట ఒకరి దాకా ఉంటారు. మీరన్న ఆ రెండు మూడు వారాల తేడా వీళ్లకే ప్రాణం.

దీనికోసం ఆపరేషన్ వాయిదా వేయక్కర్లేదు. స్కానింగ్‌లో గడ్డ కనబడిన రోజే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే మార్కర్లకు (ఈ జబ్బులో రక్తంలో పెరిగే వీలున్న పదార్థాలు) రక్తం తీస్తారు. అదే సూదికి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (వృషణాన్ని పనిచేయించే హార్మోన్లు), టెస్టోస్టెరాన్ కూడా పంపాలి; స్పెర్మ్ బ్యాంక్ అడిగే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలూ అప్పుడే అయిపోవాలి. ఇవి తర్వాత చూద్దాంలే అనుకుంటే శాంపిల్ ఇవ్వాల్సిన రోజు రిపోర్టుల కోసం కూర్చోవాల్సి వస్తుంది. వీర్యం ఆ రోజో మర్నాడో ఇచ్చి, ఆ వారంలోనే గజ్జలో కోతతో వృషణం తీయించుకోవచ్చు.

మినహాయింపు ఒక్కటే. ఊపిరితిత్తుల నిండా జబ్బు పాకి, ఆయాసంతో, హెచ్‌సీజీ వేలల్లో, లక్షల్లో ఉన్న మనిషికి వృషణం తీయడం కూడా తర్వాతి మాటే, ముందు కీమో మొదలవ్వాలి. అక్కడ ఆ పూట ఒక్క శాంపిల్ ఇవ్వగలిగితే సరి, లేకపోతే ప్రాణమే ముఖ్యం.

హార్మోన్ రిపోర్టులో ఒక ఉచ్చు ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే వృషణం అలసిపోయిందని అర్థం, కణాలు దొరకకపోవచ్చని ముందే అప్రమత్తం కావచ్చు. కానీ ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగా ఉంది కదా, అంతా బాగుందనుకోకూడదు. గడ్డ నుంచి వచ్చే హెచ్‌సీజీ అచ్చం ఎల్‌హెచ్ లాగా పనిచేసి టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్ రెండింటినీ పెంచుతుంది. దాంతో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ తన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను ఆపేస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ లేక కణాల తయారీ పడిపోతుంది. రొమ్ములు ఉబ్బి, ఎఫ్‌ఎస్‌హెచ్ దాదాపు సున్నా ఉన్న మనిషికి కౌంట్ కూడా సున్నా వస్తే, అది శాశ్వతమని చెప్పేయడం తొందరపాటు.

ల్యాబ్‌కోటు:

శాంపిళ్ల సంగతి నేను చెబుతాను.

మామూలు వీర్యపరీక్షకు 2 నుంచి 7 రోజులు ఆగి రమ్మంటారు. ఇక్కడ ఆ నియమాన్ని పట్టుకుని వేలాడకూడదు. పరీక్ష ఉద్దేశం పోలిక. దాచడం ఉద్దేశం కణాలు సంపాదించడం. రెండు శాంపిళ్ల మధ్య 24 గంటలు ఉన్నా చాలు. రెండు లేదా మూడు శాంపిళ్లు దొరికితే బాగు, ఒక్కటే దొరికితే ఒక్కటే.

పాత్ర వెడల్పు మూతి ఉన్న స్టెరైల్ కప్పు, ల్యాబ్ ఇచ్చినదే. ఇంట్లో సీసాలు వద్దు. సబ్బు, నూనె, ఉమ్మి, దుకాణంలో దొరికే జెల్లు ఏవీ తగలకూడదు. వీటిలో చాలావాటికి కణాల కదలిక చచ్చిపోతుంది. మామూలు కండోమ్‌లో పట్టి తేవడం అంతకంటే పొరపాటు. ల్యాబ్ బయట ఇస్తే అరగంట నుంచి గంటలోపు చేరాలి, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచి తేవాలి. ఐసు మీద పెట్టి తెచ్చేవాళ్లూ ఉంటారు, అది చేయకూడదు. మొదట వచ్చే చుక్కల్లోనే కణాలు ఎక్కువ. అవి కింద పడితే సిగ్గుపడి దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే తక్కువ కౌంట్‌ను జబ్బు ఖాతాలో రాసేస్తాం.

వచ్చాక వీర్యం పలచబడటానికి సుమారు అరగంట ఆగుతాం. పరిమాణం, కౌంట్, కదలిక చూస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది హద్దులు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం 3.9 కోట్లు, కదిలేవి 42 శాతం. ఈ అంకెల కంటే తక్కువ వస్తే దాచడం దండగ అనే అపోహ ఉంది, కరపత్రంలో దీన్ని తప్పకుండా కొట్టేయండి. 1992 నుంచి ఇక్సీ అనే పద్ధతి ఉంది. ఒక అండంలోకి ఒకే కణాన్ని సన్నటి సూదితో ఎక్కిస్తారు. పది అండాలకు పది బతికున్న కణాలు చాలు. కాబట్టి వేలల్లో ఉన్నా, వందల్లో ఉన్నా దాచాల్సిందే.

తర్వాత గ్లిజరాల్ ఉన్న రక్షక ద్రవాన్ని చుక్క చుక్కగా, కలియబెడుతూ కలుపుతాం. గబుక్కున పోస్తే కణం లోపలి నీరు ఒక్కసారిగా బయటికి లాగేసి కణం ముడుచుకుపోతుంది. కలిపాక చిన్న గొట్టాల్లోనో సీసాల్లోనో నింపి, ముందు లిక్విడ్ నైట్రోజన్ ఆవిరిలో ఉంచి, ఆ తర్వాతే ద్రవంలోకి, మైనస్ 196 డిగ్రీలకు దించుతాం. నేరుగా ముంచితే లోపల మంచు స్ఫటికాలు పేరుకుని పొరలు చీలిపోతాయి. ఇంత జాగ్రత్త పడ్డా కరిగించాక కదిలేవాటిలో సగం దాకా పోతాయి. అందుకే ప్రతి శాంపిల్ నుంచి ఒక చిన్న గొట్టం కరిగించి చూసి, మిగిలిన కదలిక ఎంతో కార్డు మీద రాయాలి. ముందు కౌంట్ మాత్రమే రాసి, కరిగాక కదలిక రాయని కార్డు సగం కార్డే.

ఇంకొకటి: శాంపిల్ మొత్తాన్ని ఒకే సీసాలో నింపొద్దు. కరిగించినది మళ్లీ గడ్డకట్టిస్తే ఇంకా నష్టపోతుంది. నాలుగైదు భాగాలు చేస్తే నాలుగైదు ప్రయత్నాలు మిగులుతాయి. వీలుంటే రెండు వేర్వేరు ట్యాంకుల్లో పెట్టాలి. నైట్రోజన్ తగ్గి ట్యాంక్ వేడెక్కడం అరుదే, కానీ జరిగితే అందులో ఉన్నదంతా పోతుంది.

నిల్వకు గడువు గురించి అడుగుతారు. ఆ చలిలో కణం ముసలిది కాదు. 20 ఏళ్లు దాటి దాచిన వీర్యంతో పిల్లలు పుట్టిన దాఖలాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

కరపత్రం:

చాలా స్పష్టంగా ఉందండీ. ఒత్తిడిలో శాంపిల్ ఇవ్వలేకపోతే? ఇచ్చినా అందులో కణాలే లేకపోతే?

గజ్జకోత:

ఇవ్వలేకపోవడం చాలా మామూలు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడిన మర్నాడే గది తలుపు వేసి కప్పు చేతికిస్తే ఎవరికైనా అంతే. మళ్లీ ఓ పూట సమయం ఇవ్వాలి, ఇంటి నుంచి తెచ్చే వీలు చెప్పాలి. అప్పటికీ కాకపోతే కంపన పరికరం, అదీ కాకపోతే మత్తులో విద్యుత్ ప్రేరణ. స్ఖలనం అయినట్టే ఉండి ద్రవం రాకపోతే అది వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్లి ఉండవచ్చు. అలాంటప్పుడు ముందుగా సోడియం బైకార్బొనేట్ ఇచ్చి మూత్రంలో పులుపు తగ్గించి, వెంటనే పోయించిన మూత్రం నుంచి కణాలు తీస్తారు. మూత్రం పుల్లగా ఉంటే అవి నిమిషాల్లో చచ్చిపోతాయి కాబట్టి ల్యాబ్ సిద్ధంగా ఉండాలి.

రెండు శాంపిళ్లలోనూ కణాలు లేవంటే, ల్యాబ్ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చూసిందా అని ముందు అడగాలి. అప్పుడూ సున్నానే అయితే వృషణం తీసే రోజే కణాలు వెతకడం ఉంది, దాన్ని ఆంకో టీసే అంటారు. వృషణానికి వెళ్లే రక్తనాళాలు, వీర్యనాళం కలిసిన కార్డ్‌ను గజ్జ దగ్గర కట్టి, కోసి, వృషణాన్ని బయటికి తీశాక పక్క బల్ల మీద తెరుస్తారు. గడ్డకు దూరంగా, మైక్రోస్కోప్ కింద లావుగా, తెల్లగా కనిపించే సన్న గొట్టాల ముక్కలు తీసి వెచ్చని ద్రవంలో ల్యాబ్‌కు ఇస్తారు. వాళ్లు చిదిపి చూసి, కణాలు కనిపిస్తే అక్కడికక్కడే దాచేస్తారు. వీర్యంలో సున్నా ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఇలా దొరుకుతాయి.

ఇది చెడేది కత్తి దగ్గర కాదు, ఏర్పాట్ల దగ్గర. ఎంబ్రియాలజిస్టు (కణాలు వెతికి దాచే ల్యాబ్ నిపుణుడు) థియేటర్‌లో లేకపోతే ముక్కలు వృథా. తీసిన గడ్డను పరీక్షించే ప్యాథాలజిస్టుకు ముందే చెప్పకపోతే, ఇష్టం వచ్చినట్టు కోసిన వృషణంలో గడ్డ, వీర్యకణాల గొట్టాలు కలిసే చోటికీ, పై పొరకూ పాకిందా లేదా అన్నది చదవలేరు. ఆ సమాచారం మీదే తర్వాత కీమో అవసరమా అన్నది ఆధారపడి ఉంటుంది. అవతలి వృషణాన్ని కూడా అదే రోజు తెరవాలా అన్నది విడిగా సంతకం తీసుకోవాల్సిన సంగతి. ఉన్న ఒక్క వృషణం దెబ్బతింటే టెస్టోస్టెరాన్ కూడా పోతుంది. అందుకని ముందు తీసిన దాంట్లో వెతికి, దొరక్కపోతేనే రెండోదాని జోలికి వెళ్లడం నా పద్ధతి.

పిల్లలు పుట్టడం లేదని స్కానింగ్‌కి వెళ్లినప్పుడు సెంటీమీటరు కూడా లేని చిన్న మచ్చ కనబడటం వేరే కథ. మార్కర్లు మామూలుగా ఉంటే అలాంటివాటిలో చాలా భాగం హాని లేనివే. ముఖ్యంగా ఒకటే వృషణం ఉన్నవాళ్లలో మొత్తం తీసేయకుండా మచ్చ వరకే తీసి, ఆపరేషన్ జరుగుతుండగానే ఆ ముక్కను గడ్డకట్టించి మైక్రోస్కోప్ కింద చూపించడం (ఫ్రోజెన్ సెక్షన్) మంచిది. సూది గుచ్చి బయాప్సీ తీయడం మాత్రం, అది ఎంత చిన్నదైనా, సంచి గుండా చేయకూడదు. వృషణం నుంచి లింఫు వెన్ను పక్కకు పోతుంది, సంచి చర్మం నుంచి గజ్జలోకి పోతుంది. సూదితో రెండు దారులూ కలిపేసినట్టు అవుతుంది.

మందులచీటీ:

ఇక కీమో అంకెలు. మామూలుగా వాడే బీఈపీ అంటే 21 రోజుల సైకిల్: చదరపు మీటరు శరీరానికి సిస్‌ప్లాటిన్ 20 మిల్లీగ్రాములు, ఎటోపొసైడ్ 100 మిల్లీగ్రాములు చొప్పున మొదటి 5 రోజులు, బ్లియోమైసిన్ 30 యూనిట్లు వారానికోసారి. పాకినా తేలిక కోవకు చెందిన జబ్బుకు 3 సైకిళ్లు, బరువు కోవకు 4. వీర్యం విషయంలో అసలు ముద్దాయి సిస్‌ప్లాటిన్. 4 సైకిళ్లకు అది చదరపు మీటరుకు 400 మిల్లీగ్రాములు అవుతుంది. ఆ గీత దాటితే కణాలు తిరిగి రాకపోవడం, చాలా ఆలస్యంగా రావడం బాగా పెరుగుతుంది. 2, 3 సైకిళ్లయితే ఎక్కువ మందికి ఏడాది రెండేళ్లలో తిరిగి వస్తాయి. కొందరికి ఐదేళ్లు పడుతుంది. సెమినోమాకు (వృషణ క్యాన్సర్‌లో ఒక రకం; మిగతావి నాన్ సెమినోమా) ఇచ్చే ఒక డోసు కార్బోప్లాటిన్ ప్రభావం తక్కువ, చాలామందిలో కొన్ని నెలలకే సర్దుకుంటుంది.

నార్వేలో 2005లో అచ్చయిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. దాచిన వీర్యం వాడకుండా, పిల్లల కోసం ప్రయత్నించినవాళ్లలో 15 ఏళ్లలో తండ్రులైనవారు మొత్తం మీద 71 శాతం. ఆపరేషన్ తర్వాత మందులేవీ లేకుండా పరీక్షలతో కేవలం గమనికలో ఉన్నవాళ్లలో 92 శాతం, ఎక్కువ డోసు కీమో తీసుకున్నవాళ్లలో 48 శాతం. భయం ఎంత ఉండాలో, ఎవరికి ఉండాలో ఈ మూడు అంకెలు చెబుతాయి. కరపత్రంలో పెట్టండి.

కీమో మొదలైన తర్వాత వీర్యం దాచడం వద్దు. కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి మొదటి డోసు తర్వాత కొన్ని వారాలు కౌంట్ పెద్దగా తగ్గదు, ఇంకా సమయం ఉందనిపిస్తుంది. కానీ అప్పుడు వచ్చేవి తయారీ మధ్యలో మందు తగిలిన కణాలు, డీఎన్‌ఏ దెబ్బతిన్నవి వాటిలోనే ఎక్కువ. అదే కారణంతో కీమో ముగిశాక కనీసం ఏడాది గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి. కణాల్లో క్రోమోజోముల తేడాలు 18 నుంచి 24 నెలల దాకా కనిపించిన పరిశోధనలు ఉన్నాయి కాబట్టి రెండేళ్లు ఆగగలిగితే ఇంకా మేలు. కౌంట్ సున్నా ఉంది కదా అని జాగ్రత్త మానేయకూడదు. ఏ నెలలో తిరిగి మొదలవుతుందో ముందుగా తెలియదు.

మీరు అడిగిన కొత్త పరిశోధనలు ఈ లెక్కలోకే వచ్చి చేరతాయి. వాటన్నిటి దారి ఒకటే: ఎవరికి తక్కువ వైద్యం సరిపోతుందో కనిపెట్టడం. 1970లలో సిస్‌ప్లాటిన్ వచ్చాక బతికించడం నేర్చుకున్నారు. ఇప్పుడు తక్కువ దెబ్బతో బతికించడం నేర్చుకుంటున్నారు.

మొదటి దశలో ఉన్న నాన్ సెమినోమా గడ్డ రక్తనాళాల్లోకి చొరబడి ఉంటే, ఏ మందూ ఇవ్వకుండా వదిలేస్తే సుమారు సగం మందిలో తిరగబెడుతుంది. దానికి ముందు 2 సైకిళ్ల బీఈపీ ఇచ్చేవారు. బ్రిటన్‌లో జరిగిన 111 ట్రయల్ ఒక్క సైకిల్‌తో సరిపెట్టింది. 2020లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్లలో తిరగబెట్టినవారు 1.3 శాతమే. సిస్‌ప్లాటిన్ సగానికి తగ్గింది, వీర్యానికి అది నేరుగా లాభం.

రెండోది వెన్ను పక్క లింఫు గ్రంథుల ఆపరేషన్. సెమినోమా కొద్దిగా ఆ గ్రంథులకు పాకితే ఇన్నాళ్లూ రేడియేషన్ లేదా 3 సైకిళ్ల కీమో. సెమ్స్ ట్రయల్‌లో 55 మందికి ఆ రెండూ ఇవ్వకుండా గ్రంథులే తీశారు. 2023లో వచ్చిన లెక్క ప్రకారం రెండేళ్ల దాకా 81 శాతం మందికి తిరగబెట్టలేదు. అంటే ఐదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది, వాళ్లలో చాలామందికి తర్వాత కీమో తప్పదు. అందుకే ఈ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు కూడా వీర్యం దాచుకునే వెళ్లాలి.

గజ్జకోత:

అక్కడే ఇంకో కారణం కలుపుతాను. స్ఖలనాన్ని నడిపే నరాలు వెన్నుకు రెండు పక్కల నుంచి వచ్చి, మహాధమని చీలే చోట కలుస్తాయి. గ్రంథులు ఉండేదీ అక్కడే. ఆ నరాలు తెగితే వృషణంలో కణాలు మామూలుగానే తయారవుతాయి, బయటికి మాత్రం రావు, లేదా మూత్రాశయంలోకి పోతాయి. నరాలను ఒక్కొక్కటిగా గుర్తించి పక్కకు పెట్టి చేస్తే 90 శాతం పైగా మందిలో స్ఖలనం నిలుస్తుంది. కీమో తర్వాత మిగిలిన గడ్డలు తీసేటప్పుడు అన్నీ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి ఈ లెక్క అంత బాగుండదు. ఇది చాలా తక్కువచోట్ల, ఎక్కువ సంఖ్యలో చేసేవాళ్ల చేతుల్లోనే జరగాల్సిన ఆపరేషన్.

మందులచీటీ:

అవును, అందులో వాదన లేదు.

ఇక మైక్రో ఆర్‌ఎన్‌ఏ. పేరు మిర్ 371ఏ 3పీ. గడ్డ నుంచి రక్తంలోకి వచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. 2019లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతం మందిలో పట్టుకుంది, లేనివాళ్లలో 94 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. పాత మార్కర్లు ముఖ్యంగా సెమినోమాలో చాలామందిలో పెరగవు. సెమినోమా ఏఎఫ్‌పీని అసలు పెంచదు. కాబట్టి ఇది పెద్ద ముందడుగే. గ్రంథి ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు ఉండి అది జబ్బో కాదో తేలనప్పుడు, అనవసరమైన కీమో తప్పించడంలో దీని మీద ఆశ ఉంది. కానీ ఇది టెరటోమా అనే రకం గడ్డను పట్టుకోలేదు. కీమో తర్వాత మిగిలిన గడ్డలో టెరటోమా ఒక్కటే ఉంటే పరీక్ష శుభ్రంగా వస్తుంది, గడ్డ పెరుగుతూనే ఉంటుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే లెక్క తప్పుతుంది. ఇంకా ట్రయల్స్ దశ దాటి అన్నిచోట్లా రోజువారీ పరీక్ష కాలేదు. దీని భరోసాతో వీర్యం దాచడం మానుకునే పరిస్థితి లేదు.

మొదటి దశ సెమినోమా గమనికకు ట్రిస్ట్ ట్రయల్ ఒక మంచి మాట చెప్పింది: 669 మంది మీద, 7 స్కాన్లకు బదులు 3, సీటీకి బదులు ఎంఆర్‌ఐ పెట్టినా జబ్బు ముదిరి దొరకడం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. సీటీ నుంచి వృషణానికి తగిలేది తక్కువే అయినా, కుర్రవాడికి ఏళ్ల తరబడి రేడియేషన్ తగ్గడం మంచిదే. చికిత్స కోసం ఇచ్చే రేడియేషన్ వేరు. వృషణానికి 2 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) తగిలితే కణాలు రెండు మూడేళ్లు కనిపించకపోవచ్చు, 4 నుంచి 6 గ్రే దాటితే శాశ్వతంగా పోవచ్చు. మిగిలిన వృషణంలో క్యాన్సర్‌కి ముందు దశ కణాలున్నాయని 18, 20 గ్రే ఇస్తే ఆ వృషణం నుంచి ఇక పిల్లలు ఉండరు. అది మొదలయ్యే ముందే దాచడం గురించి మాట్లాడాలి.

హార్మోన్‌లెక్క:

వైద్యం అయ్యాక జరిగే తప్పుల గురించి ఎవరూ రాయలేదు. కరపత్రంలో చిన్న పెట్టె కట్టి పెట్టాల్సినవి ఇవి.

ఒకటే వృషణం మిగిలి నీరసం, కోరిక తగ్గడం ఉంటే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ రాసేస్తారు. పిల్లలు కావాలనుకునేవాడికి ఇది తలకిందుల వైద్యం. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందగానే పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆపేస్తుంది; వృషణం లోపలి టెస్టోస్టెరాన్ పడిపోయి కొన్ని నెలల్లో కౌంట్ సున్నా అవుతుంది. మానేశాక తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. వ్యాయామశాలల్లో అమ్మే వాటికీ ఇదే వర్తిస్తుంది.

సరే, దాని బదులు హెచ్‌సీజీ ఇంజెక్షన్ అంటారు. కణాల తయారీకి అది ఫర్వాలేదు, కానీ ఈ మనిషి ఫాలోఅప్‌లో హెచ్‌సీజీయే క్యాన్సర్ మార్కర్! ఇంజెక్షన్ సంగతి క్యాన్సర్ డాక్టరుకు తెలియకపోతే జబ్బు తిరగబెట్టిందని స్కాన్లు, కీమో దాకా పోతుంది.

ఇంజెక్షన్ లేకుండానే ఇలాంటి గందరగోళం రావచ్చు. ఉన్న వృషణం బలహీనమై ఎల్‌హెచ్ బాగా పెరిగితే, కొన్ని కిట్లు దాన్నే హెచ్‌సీజీగా కొద్ది మోతాదులో లెక్కగడతాయి. అంకె చిన్నదిగా ఉండి, వారం వారం పెరగకుండా అక్కడే ఉంటే దీన్ని అనుమానించాలి. కొద్దికాలం టెస్టోస్టెరాన్ ఇచ్చి ఎల్‌హెచ్ తగ్గించి మళ్లీ చూస్తే ఆ హెచ్‌సీజీ కూడా మాయమవుతుంది. వీర్యం దాచుకోనివాడికి ఈ చిన్న పరీక్షకు కూడా ముందు ఆలోచించాలి.

జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు ఇంకో పితలాటకం. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని యంత్రాల్లో హెచ్‌సీజీని ఉన్నదానికంటే తక్కువగా, టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగా చూపిస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి.

కరపత్రం:

ఇంకా యుక్తవయసు రాని పిల్లల సంగతేమిటి? ప్రోస్టేట్ క్యాన్సర్‌కీ ఇదే సలహానా? ఒకే పేజీలో పడతాయేమోనని అడుగుతున్నాను.

ల్యాబ్‌కోటు:

ఒకే పేజీలో కలపకండి, చదివేవాళ్లు వేరు.

యుక్తవయసు రాని పిల్లల్లో కణాలు ఇంకా తయారు కావు. వృషణం నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలతో సహా గడ్డకట్టించి దాచడం కొన్ని కేంద్రాల్లో పరిశోధనగా జరుగుతోంది. అలా దాచిన ముక్కను తిరిగి అదే కోతికి అతికిస్తే కణాలు తయారై, వాటితో గ్రేడీ అనే కోతిపిల్ల పుట్టిందని 2019లో వెల్లడించారు. మనిషిలో ఇది ఇంకా ప్రయోగమే. లుకేమియా వంటి జబ్బుల్లో ఆ ముక్కతో పాటు క్యాన్సర్ కణాలూ తిరిగి వెళ్లే ప్రమాదం ఉంది. పన్నెండు పదమూడేళ్లు దాటి ఎదుగుదల మొదలైన కుర్రాడు మాత్రం పెద్దవాళ్లలాగే శాంపిల్ ఇవ్వగలడేమో అడగాలి. తల్లిదండ్రుల ఎదుట కాకుండా విడిగా అడగాలి.

గజ్జకోత:

ప్రోస్టేట్‌లో లెక్క వేరు. ప్రోస్టేట్‌తో పాటు వీర్యకోశాలు తీసేస్తారు, వీర్యనాళాలు తెగుతాయి. ఆ తర్వాత స్ఖలనంలో ద్రవం ఉండదు, వృషణంలో కణాలు మాత్రం తయారవుతూనే ఉంటాయి. ముందే దాచకపోయినా తర్వాత సూదితో తీసే అవకాశం ఉంది. కానీ హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్లు మొదలైతే ఆ తయారీ కూడా పడిపోతుంది. ఎంజాలుటమైడ్ వాడేవాళ్లు ఆపాక 3 నెలల దాకా కండోమ్ వాడాలని మందు కాగితంలోనే ఉంటుంది.

ల్యాబ్‌కోటు:

చివరగా కాగితాల సంగతి, దీనివల్ల పోయే శాంపిళ్లు తక్కువేమీ కాదు. దాచుకున్నవాళ్లలో తర్వాత దాన్ని వాడేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. చాలామందికి మామూలుగానే పిల్లలు పుడతారు, అది మంచి వార్తే. దాంతో ఏళ్లు గడిచేకొద్దీ బ్యాంకుతో సంబంధం తెగిపోతుంది. ఫోను నంబరు మారుతుంది, ఇల్లు మారుతుంది, గడువు పొడిగింపు ఉత్తరం పాత చిరునామాకు పోతుంది.

అందుకే దాచే రోజే మూడు రాయించండి: రెండో మనిషి ఫోను నంబరు, గడువు ముగిసే తేదీ, దాచుకున్నవాడు చనిపోతే శాంపిల్ ఏం చేయాలో అతని సంతకంతో. ఈ మూడోది అడగడానికి అందరూ మొహమాటపడతారు. ఖాళీగా వదిలేస్తే తర్వాత భార్యకూ, అతని తల్లిదండ్రులకూ మధ్య తగువు ట్యాంక్ దగ్గరికే వస్తుంది, అప్పుడు ల్యాబ్ ఎవరి మాటా వినలేదు. కీమో తర్వాత ఏడాదికోసారి వీర్యపరీక్ష చేయించి, కౌంట్ బాగా తిరిగి వచ్చి రెండేళ్లు దాటాక, ఉంచాలా తీసేయాలా అని బ్యాంకుకు తానే చెప్పాలని కూడా రాయండి.